సుధాకరరావుగారి ఫస్టు గేరు

టాంపినీస్‌లో దేశం విడిచొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళలో సుధాకరరావుగారు తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళెవరూ ఆయనకు లిఫ్టులో ఒంటరిగా దొరకాలనుకోరు. ఆయన ఒక బ్యాంకులో పనిచేస్తాడు. ఎక్కడ ఏ సిస్టమ్ పడిపోయినా తప్పెవరిదో తేల్చి, నాలుగు పేజీల రిపోర్టు రాసి, పై అధికారులకు పంపడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన తేల్చిన తప్పుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆయనది కాదు. ఇంట్లోనూ అదే రికార్డు నిలబెట్టుకొస్తున్నాడు.

వయసు యాభై ఆరు. ఊరు తెనాలి. షుగరు "బోర్డర్‌లో ఉంది" అని పదకొండేళ్ళుగా చెబుతున్నాడు. ఆ బోర్డరు దాటి ఎంత దూరం వెళ్ళిపోయాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మెంతుల నీళ్ళు తాగుతాడు, ఆఫీసు కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో చిక్కటి, తియ్యటి డబ్బాపాలు పోసిన కాఫీ రెండుసార్లు తాగుతాడు. మెంతులు తాగాం గనక అది చెల్లుకు చెల్లట. ఈ సిద్ధాంతాన్ని ఏ డాక్టరూ ఆమోదించలేదు, ఆయనా ఏ డాక్టర్నీ అడగలేదు.

ఆయన భార్య నాగమల్లేశ్వరి చిన్నపిల్లల బడిలో టీచరు. మూడేళ్ళ పిల్లల్ని రోజంతా సముదాయించి ఇంటికొచ్చి, అదే గొంతుతో మొగుణ్ణి సముదాయిస్తుంది. ఆవిడకు మాన్యువల్ కారు లైసెన్సు ఉంది. మొదటిసారే పాసైంది. ఆయన మూడోసారి పాసయ్యాడు. ఈ విషయం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. లైసెన్సు చేతికొచ్చిన నాటినుంచీ పాపం ఆవిడకు బస్సే దిక్కు.

ఇక కారు. రెండే తలుపుల జపాను స్పోర్ట్స్ కారు, ఎర్రది. ఎరుపు ఎండకి వెలిసి, మన పచ్చళ్ళలో పాత ఆవకాయ రంగుకొచ్చింది. ఊరంతా కాలు కదపకుండా ఆటోమేటిక్ కార్లు తోలుకుంటుంటే, ఈయన మాత్రం చేత్తో గేర్లు మార్చే కారే కావాలని పట్టుబట్టి ఆరేళ్ళ క్రితం పాతది కొన్నాడు. దాని వయసు ఇప్పుడు ఇరవై. కూతురు ఆమనికి పంతొమ్మిది. "డాడీ, దిస్ కార్ ఈజ్ మై అక్క లా" అని ఈ ఊరి ఇంగ్లీషులో చివర "లా" తగిలించి ఆ పిల్ల నవ్వుతుంది. ఆయన నవ్వడు. ఎగతాళి ఎంతైనా చేయొచ్చు గానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. అప్పుల వాయిదాలు, ఫ్లాటు, తమ్ముడి చదువు, కూతురి ట్యూషన్లు, ఇవన్నీ అయ్యాక ఆ మనిషి తనకోసం తాను కొనుక్కున్న వస్తువు అదొక్కటే. ఆదివారం పొద్దున్నే క్రాంజీ పొలాల దారిలో, ఎదురుగా ఒక్క బండీ లేనప్పుడు, మూడులోంచి రెండుకి గేరు దించి మలుపు తిరిగేటప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆ కాసేపు ఎవరి తప్పూ వెతకడు.

అలాగని దాన్ని మామూలుగా వాడతాడా? అబ్బే. వాహనం లక్ష్మి గనక చెప్పులు విప్పి ఎక్కాలి. కారుతోపాటు వచ్చిన మ్యాటు ఒరిజినల్ గనక పాడవకూడదని దానిమీద రబ్బరు మ్యాటు వేశాడు. రబ్బరు మ్యాటు కొత్తది గనక దానిమీద లిటిల్ ఇండియాలో కొన్న గడప పట్టా ఒకటి పరిచాడు. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు, ఆ కవరుకి రబ్బరు బ్యాండు వేసే వంశంలో పుట్టినవాడు అంతకన్నా ఏం చేస్తాడు!

ఇలా ఉండగా, ఈ ఏడాది మొదట్లో ఫస్టు గేరు మొరాయించింది. సిగ్నల్ దగ్గర ఆగి గేరు వేయబోతే పడదు. బలంగా తోస్తే కరకరమని పళ్ళు కొరుకుతుంది. రివర్సు సంగతి సరేసరి, కార్ పార్క్ మొత్తం తిరిగి చూసేది.

ఇది మామూలు రోజుల్లో అయితే నెమ్మదిగా చూసుకునేవాడేమో. కానీ ఈ ఊళ్ళో కారు రోడ్డుమీద ఉండాలంటే పదేళ్ళకోసారి సర్కారు దగ్గర అనుమతి కొనుక్కోవాలి. ఈ కారుకి రెండో పదేళ్ళు ఈ నెల ముప్పయ్యో తేదీతో సరి. ఆలోగా కొత్త అనుమతి తీసుకోకపోతే కారు తుక్కు కింద పోతుంది. మల్లేశ్వరి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఏవండీ, ముప్పయ్యో తారీకులోపు గేర్లు పడితే రెన్యువల్ చేయించుకోండి, నేనేం అనను. పడకపోతే మాత్రం స్క్రాపుకి ఇచ్చేద్దాం. సిగ్నల్ మధ్యలో ఆగిపోయి, వెనకనుంచి లారీ గుద్దితే ఎవరు సమాధానం చెబుతారు?"

"గేర్లు పడకేం? పడతాయి. కారణం కనుక్కోవాలి, అంతే. నా పనే అది కదా," అన్నాడాయన.

కారణం కనుక్కునే పని వెంటనే మొదలైంది. ముందు వాట్సాప్‌లో పెట్టాడు. టాంపినీస్ తెలుగు మోటారు మిత్రులని ఒక గ్రూపుంది. సభ్యులు ముప్పై ఒక్కమంది, వాళ్ళలో కారున్నవాళ్ళు నలుగురు. మిగతావాళ్ళు సలహాలకున్నారు. ఒకాయన గేర్‌బాక్సు మార్చేయమన్నాడు. ఒకాయన గేరు ఆయిలు మార్చమన్నాడు. ఇంకొకాయన నాలుగు నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కించమని, ముహూర్తంతో సహా పంపాడు. పక్క బ్లాకులో ఉండే నవనీత్ అనే కుర్ర ఇంజినీరు, "అన్నా, ఒకసారి ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేశారా?" అని అడిగాడు.

తమాషా ఏమిటంటే, పనికొచ్చిన సలహా అదే. ఇంజను ఆపి చూస్తే ఐదు గేర్లూ, రివర్సూ వెన్నలో వేలు పెట్టినట్టు పడుతున్నాయి. ఇంజను వేస్తేనే పేచీ. అంటే గేర్‌బాక్సులో పళ్ళు బాగానే ఉన్నాయి, క్లచ్ నొక్కినప్పుడు ఇంజనూ గేర్‌బాక్సూ పూర్తిగా విడిపోవడం లేదు. ఇంతవరకు సుధాకరరావు ఆలోచన నూటికి నూరుపాళ్ళు సరైనది. అక్కడితో ఆగితే ఆయన సుధాకరరావు ఎందుకవుతాడు?

బ్యాంకులో ఆయనకో పద్ధతుంది. ఏ తప్పునైనా ఐదుసార్లు ఎందుకు, ఎందుకు అని అడిగితే అసలు కారణం బయటపడుతుందట. గేరెందుకు పడట్లేదు? క్లచ్ పూర్తిగా వదలట్లేదు గనక. క్లచ్ ఎందుకు వదలట్లేదు? పైపులో ఒత్తిడి చాలట్లేదు గనక. ఎందుకు చాలట్లేదు? గాలి చేరింది గనక. గాలి ఎందుకు చేరింది? మెకానిక్ లిమ్ సరిగ్గా బిగించలేదు గనక. ఎందుకు బిగించలేదు? లిమ్ గనక. నాలుగు పేజీల రిపోర్టు తయారైంది.

ఆ లిమ్‌కి యీషున్‌లో చిన్న వర్క్‌షాపుంది. అరవై ఎనిమిదేళ్ళ చైనా పెద్దాయన. రోజుకి యాభై మాటలకు మించి మాట్లాడడు. రిపోర్టు చేతికిస్తే తిరగేసి, దానిమీద టీ కప్పు పెట్టుకున్నాడు. ఆపైన పైపులోంచి గాలి తీశాడు. గేరాయిలు మార్చాడు. క్లచ్ సిలిండరు కొత్తది వేశాడు. గేరు కడ్డీకి అరిగిన బుష్‌లు మార్చాడు. ప్రతిసారీ తనే కారెక్కి ఒక చుట్టు తిప్పి తెచ్చి, "మిస్టర్ రావ్, కార్ ఓకే," అనేవాడు. ప్రతిసారీ సుధాకరరావు టాంపినీస్ చేరేలోపు గేరు మళ్ళీ కరకరమనేది.

"వీడు మనల్ని మోసం చేస్తున్నాడు మల్లీ. వాడు తోలితే బాగుంటుంది, నేను తోలితే పాడవుతుంది. ఎలా కుదురుతుంది?" అని భార్య దగ్గర రంకెలేశాడు. ఆ ప్రశ్నలోనే జవాబుందని ఆయనకు తట్టలేదు. తట్టనిచ్చేవాడు కూడా కాదు.

నెల మూడో వారంలో ఒక ఘనకార్యం జరిగింది. ఆమని చెవిపోగు కారులో పడిపోతే వెతకడానికి వంగిన ఆయనకు క్లచ్ పెడల్ కింద మూడు మ్యాట్ల గుట్ట కనబడింది. పెడల్ నేలదాకా పోవడానికి చోటేది? ఒరిజినల్ మ్యాటు, రబ్బరు మ్యాటు, గడప పట్టా మూడూ లాగి పారేశాడు. ఇంజను వేసి గేరు తోశాడు. పడింది! కొంచెం గీరుకున్నా పడింది! ఇంక పట్టపగ్గాల్లేవు. గ్రూపులో "అసలు కారణం దొరికింది" అని పెద్ద అక్షరాలతో ఫొటో పెట్టాడు. నలభై మూడు చప్పట్లు వచ్చాయి. సభ్యులే ముప్పై ఒక్కమంది, అన్ని చప్పట్లు ఎలా వచ్చాయో అడక్కండి. ఆ మ్యాట్లు పరిచింది ఎవరని ఆమని అడిగితే, "పరవడం తప్పు కాదు, జారడం మ్యాటు తప్పు," అని తేల్చాడు.

మర్నాడు పొద్దున కార్ పార్క్‌లో నవనీత్ ఎదురుగానే రివర్సు మళ్ళీ అరిచింది. నవనీత్ మర్యాదస్తుడు. ఫోనొచ్చినట్టు నటించి పక్కకెళ్ళాడు.

అలా ఇరవై ఎనిమిదో తేదీ, శనివారం వచ్చింది. ఇంకా రెండు రోజులే. ఆఖరి ప్రయత్నంగా యీషున్ బయల్దేరుతుంటే మల్లేశ్వరి కూడా ఎక్కి కూర్చుంది. "ఇవాళ తేలకపోతే అటునుంచి అటే స్క్రాపు యార్డుకి పోనివ్వండి," అంది. ఆవిడేమీ కోపంగా అనలేదు. అందుకే ఆయనకు భయమేసింది. దారిలో మూడు సిగ్నళ్ళ దగ్గర గేరు పడలేదు. ఒకచోట వెనక బస్సు హారన్ కొడుతుంటే ఆయన గేరు కడ్డీని రెండు చేతులతో తోశాడు.

వర్క్‌షాపులో లిమ్ బానెట్ ఎత్తి, కారు చుట్టూ తిరిగి, సుధాకరరావుని లోపల చూపించడానికి రమ్మని చెయ్యూపాడు. సీటు కింద పెట్టుకున్న చెప్పులు తొడుక్కోకుండానే ఆయన ఆదరాబాదరా వెళ్ళాడు. ఇనుప రజను, నూనె మరకలు నిండిన నేలమీద ఉత్త కాళ్ళతో నిలబడి, సిలిండరు మళ్ళీ మార్చాల్సిందేనని పది నిమిషాలు ఉపన్యసించాడు. లిమ్ పూర్తిగా విని, "యూ సిట్. ప్రెస్ క్లచ్," అన్నాడు.

ఆయన వెళ్ళి కూర్చుని నొక్కాడు. లిమ్ మల్లేశ్వరిని దగ్గరకు పిలిచి ఇంజను పక్కన ఒక చిన్న కడ్డీని చూపించాడు. క్లచ్ నొక్కినకొద్దీ అది ముందుకు తోసుకొస్తుంది. అది పూర్తిగా వస్తే గేర్లు హాయిగా పడతాయి. ఆవిడ వంగి చూసింది. కడ్డీ సగంవరకు వచ్చి ఆగిపోయింది.

"సగమే వచ్చిందండీ!"

"చూశావా? నేను చెప్పలా? సిలిండరు పోయింది!" లోపల్నుంచి కేక.

లిమ్ ఆయన్ని దింపి తను కూర్చుని నొక్కాడు. కడ్డీ చిటికెనవేలంత బయటికొచ్చింది. మల్లేశ్వరికి నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ ఆయన్ని కూర్చోబెట్టారు. సగం. మళ్ళీ లిమ్. పూర్తిగా. ఆవిడ లేచి నిలబడి నెమ్మదిగా, బడిలో పిల్లలకు చెప్పే గొంతుతో చెప్పింది.

"ఏవండీ, మీరు పూర్తిగా నొక్కట్లేదు."

"నేలకి ఆనేదాకా నొక్కుతున్నానే! ఇదిగో, ఆనింది!"

లిమ్ తలుపు దగ్గర వంగి, ఆయన కాలు పెడల్ మీద ఉండగానే, పెడల్ కిందికి తన చెయ్యి దూర్చాడు. నాలుగు వేళ్ళూ పట్టాయి. ఆ చేతిని అక్కడే ఉంచి సుధాకరరావు ముఖంలోకి చూశాడు. సుధాకరరావు కిందికి చూశాడు. పెడల్ నేలకి బెత్తెడు ఎత్తున ఉంది. తన కాలు నేలకి ఆనిందని ఆయన ఒట్టేసి చెప్పగలడు. కళ్ళు మాత్రం కాదంటున్నాయి.

ఏ మనిషికైనా అక్కడ నోరు పడిపోవాలి. ఈయన నోరు పడలేదు. ఎందుకంటే అప్పుడే ఆయనకు పెడల్ మీద తడి కనబడింది. రబ్బరు మీద ఎర్రగా, జిగురుగా.

"లీక్! చూడు మల్లీ, లీక్! ఇదిగో ఆయిల్ ఇక్కడే కారుతోంది, లోపలి సిలిండర్లోంచి! మూడు నెలల్నుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా, ఒక్కడైనా విన్నాడా? క్లచ్‌లో పోసేదీ బ్రేక్ ఫ్లూయిడే, పాతబడితే ఈ రంగే వస్తుంది. లిమ్, లుక్! లీకింగ్!"

అంత సంతోషం ఆయన ముఖంలో ఈ మధ్య ఎవరూ చూడలేదు. మల్లేశ్వరి వంగి వేలితో తడి చూసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఆయన ఎడమ కాలు పట్టుకుని పైకెత్తి అరికాలు చూసింది.

వేళ్ళకు కొంచెం వెనక, గోరంత ఇనుప చీలిక లోపలికంటా దిగి ఉంది. చుట్టూ రక్తం. లిమ్ పట్టకారు తెచ్చిచ్చాడు. రెండుసార్లు జారి, మూడోసారి పట్టు దొరికింది. ఆవిడ ఆ ముక్కను బయటికి లాగేసేటప్పటికి ఆయన ఇంకా బ్రేక్ ఫ్లూయిడ్ రంగు గురించే చెబుతున్నాడు.

"ఏవండీ," అంది ఆవిడ. పట్టకారులో ముక్క పైకెత్తి చూపించింది. "ఇది మీ కాల్లోంచి తీశాను. ఇప్పుడే."

ఆయన ముక్కను చూశాడు. కాలిని చూశాడు. రిపోర్టులు రాసే మనిషి కదా, లెక్క వెంటనే తేలిపోయింది. లిమ్ నీళ్ళ సీసా తెచ్చి కాలు కడిగి, శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టాడు. కట్టి లేచి, కారు బానెట్ మూస్తూ, "కార్ ఓకే, మిస్టర్ రావ్," అన్నాడు. ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట, ఆయన ఇవాళే విన్నాడు.

మల్లేశ్వరి డ్రైవరు సీట్లో కూర్చుంది. చెప్పులతోనే ఎక్కింది. ఆయన ఎడమ వైపు సీట్లోకి కుంటుతూ వచ్చి కూర్చున్నాడు. కొన్న నాటినుంచీ ఆ సీట్లో ఆయన కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఎప్పట్నుంచి?" అంది ఆవిడ, తాళం తిప్పుతూ.

"ఏది?"

"నాతోనా నాటకాలు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "కిందటి దీపావళి నుంచి. ముందు వేళ్ళు. తర్వాత అరికాలు. ఇప్పుడు చీలమండ దాకా మొద్దుబారిపోయింది."

"డాక్టరమ్మ కాళ్ళు చూసిందన్నారుగా. అంతా బాగుందని చెప్పిందనీ అన్నారు."

"చూసింది. కళ్ళు మూసుకోమని, అరికాల్లో సన్నటి దారంతో పొడుస్తూ, తెలిసినప్పుడల్లా ఎస్ అనమంది." ఆయన కాలి కట్టు సర్దుకున్నాడు. "రెప్పల సందులోంచి ఆవిడ చెయ్యి చూస్తూ ఎస్, ఎస్ అన్నాను. పాసైపోయాను."

మల్లేశ్వరికి తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. ఈ మనిషి డాక్టరమ్మ పరీక్షలో కూడా కాపీ కొట్టాడే అని నవ్వు కూడా వచ్చింది. ఏదీ చేయకుండా అద్దం సరిచేసుకుంది. "ముందు క్లినిక్‌కి పోదాం. ఈసారి నేను లోపలికొచ్చి మీ కళ్ళు మూస్తాను."

"తర్వాత స్క్రాపుకా?" అన్నాడు. ఆ మాట అడగడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆవిడకు తెలుసు.

"షరతేంటి? గేర్లు పడితే రెన్యువల్. నాకు పడుతున్నాయో లేదో చూద్దాం ఉండండి." ఆవిడ క్లచ్ నేలదాకా నొక్కి ఫస్టు గేరు వేసింది. చప్పుడే లేదు. "పడిందిగా. సోమవారం రెన్యువల్ డబ్బు కట్టేద్దాం. ఇకనుంచి నేనే నడుపుతా. మీరు పక్కన కూర్చుని తప్పులు పట్టండి, అదైతే మీకు బాగా వచ్చు."

కారు గేటు దాటి రోడ్డెక్కింది. సుధాకరరావు బ్యాంకు బుద్ధితో చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఒకటిలోంచి రెండు. రెండులోంచి మూడు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ ఒకటి. ఇన్నేళ్ళూ బస్సులో తిరిగిన మనిషి చేతిలో ఎక్కడో ఒకచోట గీరుకోకపోతుందా అని ప్రతి గేరూ విన్నాడు. క్లినిక్ ముందు ఆవిడ రివర్సు వేసి గీతల మధ్య నిలిపే దాకా వెతికాడు. ఒక్క తప్పూ దొరకలేదు. అప్పుడు రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.